గుర్రం కాళ్లకు బురద పుండ్లు: నాకు పనిచేసిన పద్ధతి

వానల్లో గిట్టల పైన, మడమ వెనక గుంటలో పెచ్చులు కట్టాయంటే కారణం ఎడతెగని తడి. నానిన చర్మంలోకే డెర్మటోఫైలస్ బ్యాక్టీరియా దిగుతుంది. తెల్లకాళ్ల గుర్రాలకు బెడద ఎక్కువ.

చుట్టూ వెంట్రుకలు కత్తిరించి, గోరువెచ్చని నీళ్లతో తడిపి, క్రిములను చంపే 4 శాతం క్లోర్‌హెక్సిడిన్ స్క్రబ్‌ నురుగు పట్టించి 10 నిమిషాలు ఉంచాను. మెత్తబడి ఊడొచ్చిన పెచ్చులే తీశాను. ఎండిన పెచ్చు లాగితే నెత్తురొచ్చి పుండు పెద్దదవుతుంది, నొప్పికి గుర్రం తన్నుతుంది కూడా. బాగా కడిగి, శుభ్రమైన తువ్వాలుతో అద్ది, పూర్తిగా ఆరాకే సిల్వర్ సల్ఫాడయజిన్ అనే పుండ్ల క్రీమ్ పలుచగా రాశాను. తడి మీద రాస్తే తేమ లోపలే చిక్కుకుపోతుంది. మానేదాకా పొడి గడ్డి పరిచిన కొట్టంలోనే కట్టాలి.

బురద కాళ్లను రోజూ పైపుతో కడగొద్దు, ఎండనిచ్చి మెత్తని బ్రష్‌తో దులపండి. కాలు వాచినా, కుంటినా వెంటనే పశువైద్యుణ్ణి పిలవాల్సిందే.