పేరు తెలియని కాలనీని గుర్తించడం: గ్రామ్ స్టెయిన్ నుంచి 16ఎస్ వరకు

ప్లేటు మీద పెరిగిన కాలనీ ఏ బాక్టీరియానో తేల్చమంటే చాలామంది విద్యార్థులు నేరుగా బయోకెమికల్ పరీక్షలకు దిగుతారు. దొరికిన ట్యూబులన్నీ పెట్టి, వచ్చిన రంగులన్నీ రాసుకుంటారు. తీరా చూస్తే ఆ ఫలితాలు ఏ పట్టికలోనూ ఇమడవు. ఎన్ని పరీక్షలు చేశామన్నది కాదు, ఏ వరసలో చేశామన్నది ముఖ్యం. ముందు పరీక్ష ఫలితమే తర్వాతి పరీక్షను నిర్ణయించాలి. గ్రామ్ నెగటివ్ (గ్రామ్ రంగు పద్ధతిలో గులాబీగా కనిపించే) దండాకార బాక్టీరియాకు కోయాగ్యులేజ్ (ప్లాస్మాను గడ్డకట్టిస్తుందేమో చూసే పరీక్ష) పెట్టినా, స్టఫైలోకాకస్‌కు ఇమ్విక్ (ఈ. కోలి వంటి గ్రామ్ నెగటివ్‌లను విడదీసే నాలుగు పరీక్షలు) పెట్టినా తెలిసేదేమీ ఉండదు.

మొదట కల్చర్ శుద్ధంగా ఉందో లేదో చూడాలి. న్యూట్రియంట్ అగార్ మీద నాలుగు భాగాలుగా స్ట్రీక్ చేసి, విడిగా వచ్చిన ఒక్క కాలనీని తీసుకుని మళ్లీ స్ట్రీక్ చెయ్యండి. ప్లేటును 24 గంటలకూ 48 గంటలకూ చూడండి, ఎందుకంటే నెమ్మదిగా పెరిగే రెండో రకం మొదటి రోజు కనిపించకపోవచ్చు. మెక్‌కాంకీ వంటి సెలెక్టివ్ మీడియా మీది కాలనీని నేరుగా వాడకండి. ఆ మీడియా కొన్నిటిని పెరగనివ్వదు తప్ప చంపదు. అవి కాలనీ అడుగున బతికే ఉండి, తర్వాతి ట్యూబులో పైకొస్తాయి.

హాన్స్ క్రిస్టియన్ గ్రామ్ 1884లో ప్రకటించిన రంగు పద్ధతి ఇప్పటికీ మొదటి మెట్టు. 18 నుంచి 24 గంటల కల్చర్‌నే తీసుకోవాలి. స్లైడు మీద చిన్న నీటి బొట్టులో లూప్ కొనకు అంటిన కొద్దిపాటి కల్చర్‌ను పలచగా పరిచి, గాలికి ఆరనిచ్చి, మంట మీదుగా రెండు మూడుసార్లు తిప్పండి. క్రిస్టల్ వయొలెట్ ఒక నిమిషం, కడగడం, అయొడిన్ ఒక నిమిషం, కడగడం, 95 శాతం ఆల్కహాల్ 10 నుంచి 15 సెకన్లు, వెంటనే నీళ్లు, చివరగా సాఫ్రనిన్ 30 నుంచి 60 సెకన్లు. ఊదాగా మిగిలినవి గ్రామ్ పాజిటివ్, గులాబీగా కనిపించేవి గ్రామ్ నెగటివ్.

చెడేది ఎక్కువగా ఆల్కహాల్ దగ్గరే. కాస్త ఎక్కువసేపు ఉంచితే గ్రామ్ పాజిటివ్ కణాలు కూడా రంగు వదిలి గులాబీగా కనిపిస్తాయి. స్మియర్ మందంగా ఉంటే నెగటివ్‌లు ఊదాగా మిగిలిపోతాయి. కల్చర్ పాతబడితే బాసిల్లస్ వంటివి ఊదా, గులాబీ కలిసి కనిపిస్తాయి, ఎందుకంటే ముదిరిన కణాల కణకవచం దెబ్బతిని రంగును పట్టి ఉంచలేదు. అందుకే అదే స్లైడు మీద తెలియని కల్చర్‌కు ఒక పక్క స్టఫైలోకాకస్ ఆరియస్, మరో పక్క ఈ. కోలి ఉంచండి. ఆ రెండూ సరిగ్గా వస్తేనే మధ్యదాన్ని నమ్మండి. అప్పటికీ అనుమానంగా ఉంటే 3 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ బొట్టులో కాలనీని కలిపి, నిమిషంలోపు లూప్‌ను పైకి లేపండి. గ్రామ్ నెగటివ్ అయితే కణాలు పగిలి డీఎన్‌ఏ బయటికొచ్చి జిగటగా తీగ సాగుతుంది.

గ్రామ్ స్టెయిన్ చెప్పేది కణకవచం గురించే, వంశం గురించి కాదు. కణకవచమే లేని మైకోప్లాస్మా వంశరీత్యా గ్రామ్ పాజిటివ్‌లకు దగ్గర. డీనోకాకస్‌కు బయటి త్వచం ఉన్నా ఊదాగానే కనిపిస్తుంది.

గ్రామ్ పాజిటివ్ కోకై (గుండ్రటి కణాలు) వస్తే వెంటనే కాటలేజ్ (హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను విడగొట్టే ఎంజైమ్) పరీక్ష చెయ్యండి. స్లైడు మీద కాలనీ పెట్టి, 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ ఒక చుక్క వెయ్యండి. బుడగలు వస్తే స్టఫైలోకాకస్ వైపు, రాకపోతే స్ట్రెప్టోకాకస్, ఎంటరోకాకస్ వైపు. బ్లడ్ అగార్ నుంచి తీసేటప్పుడు ఎర్ర రక్తకణాలు అంటితే వాటి కాటలేజ్ వల్లే బుడగలొస్తాయి. నైక్రోమ్ లూప్ కూడా మోసం చేస్తుంది, చెక్క పుల్ల వాడండి. కాటలేజ్ పాజిటివ్ అయితే కుందేలు ప్లాస్మాతో ట్యూబ్ కోయాగ్యులేజ్ చేసి, 37 డిగ్రీల దగ్గర 4 గంటలకు చూడండి. గడ్డకట్టకపోతే గది ఉష్ణోగ్రతలో ఉంచి 24 గంటలకు మళ్లీ చూడండి. 4 గంటలప్పుడు చూడకుండా నేరుగా మర్నాడు చూస్తే, స్టఫైలోకైనేజ్ అనే ఎంజైమ్ ఆ గడ్డను కరిగించేసి ఉండొచ్చు.

గ్రామ్ నెగటివ్ దండాకారమైతే ఆక్సిడేజ్ (సైటోక్రోమ్ ఆక్సిడేజ్ ఎంజైమ్ ఉందేమో చూసే పరీక్ష). ఫిల్టర్ పేపర్ మీద తాజా రీఏజెంట్ వేసి కాలనీని రుద్దితే 10 సెకన్లలో ముదురు ఊదా రావాలి. నిమిషం తర్వాత వచ్చిన రంగును లెక్కలోకి తీసుకోవద్దు. సూడోమోనాస్ ఎరుజినోసా, విబ్రియో పాజిటివ్, ఈ. కోలి, క్లెబ్సియెల్లా, సాల్మొనెల్లా నెగటివ్. భీమవరం వైపు రొయ్యల చెరువుల నీటిని టీసీబీఎస్ అగార్ (విబ్రియోల కోసం వాడే సెలెక్టివ్ మీడియా) మీద వేస్తే వచ్చే పసుపు, ఆకుపచ్చ కాలనీలకు కూడా ఈ పరీక్ష అవసరమే, కానీ ఆ ప్లేటు నుంచి నేరుగా కాదు. న్యూట్రియంట్ అగార్‌లో 1 శాతం ఉప్పు చేర్చి, దాని మీదికి మార్చాక చెయ్యాలి. పసుపు రంగు సుక్రోజ్ పులిసిందని మాత్రమే చెబుతుంది. విబ్రియో కలరా, విబ్రియో ఆల్జినోలైటికస్ రెండూ పసుపే.

ఆక్సిడేజ్ నెగటివ్‌లకు ఇమ్విక్ పనికొస్తుంది: ఇండోల్, మిథైల్ రెడ్, వోగ్స్ ప్రోస్కవర్, సిట్రేట్ అనే నాలుగు పరీక్షలు. ఈ. కోలికి ఇండోల్, మిథైల్ రెడ్ పాజిటివ్, మిగతా రెండూ నెగటివ్. క్లెబ్సియెల్లా న్యుమోనియే సాధారణంగా దీనికి పూర్తిగా తిరగబడి ఉంటుంది. మిథైల్ రెడ్‌ను 24 గంటలకే చూస్తే క్లెబ్సియెల్లా కూడా ఎర్రబడొచ్చు, ఎందుకంటే ఆమ్లం ఇంకా తటస్థ పదార్థాలుగా మారి ఉండదు. 48 గంటలు ఆగండి. వోగ్స్ ప్రోస్కవర్‌కు 1 మి.లీ. కల్చర్‌లో ముందు ఆల్ఫా నాఫ్తాల్ 0.6 మి.లీ., తర్వాత 40 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ 0.2 మి.లీ. వేసి బాగా కుదపండి. లోపలికి గాలి అందకపోతే ఎరుపు రాదు. సిట్రేట్ స్లాంట్ మీద కల్చర్‌ను అతి కొద్దిగా రాయాలి. ఎక్కువైతే దాంతోపాటు వచ్చిన పోషకాలతోనే పెరిగి తప్పుడు ఫలితమిస్తుంది.

ఈ పట్టికలన్నీ బాక్టీరియా కోసం చేసినవి. బాక్టీరియాలా కనిపించినా వేరే వంశానికి చెందిన ఆర్కియా అనే సూక్ష్మజీవుల దగ్గర ఇవి అక్కరకు రావు. 1977లో కార్ల్ ఊస్, జార్జ్ ఫాక్స్ రైబోసోమ్ ఆర్‌ఎన్‌ఏను పోల్చి చూసి మీథేన్ తయారుచేసే సూక్ష్మజీవులు బాక్టీరియాలో భాగం కాదని తేల్చారు. ఆర్కియాలో, బాక్టీరియా కణకవచంలో ఉండే పెప్టిడోగ్లైకాన్ ఉండదు, త్వచంలోని లిపిడ్లకు ఈస్టర్ బంధాల బదులు ఈథర్ బంధాలుంటాయి. అయినా మీథనోబాక్టీరియం గ్రామ్ పాజిటివ్‌లా ఊదాగా కనిపిస్తుంది, దాని కవచంలో పెప్టిడోగ్లైకాన్‌ను పోలిన సూడోమ్యూరీన్ ఉండటం వల్ల.

చేసి చూడటానికి తేలికైనవి ఉప్పు ఆర్కియా, అంటే బాగా ఉప్పున్న నీళ్లలో పెరిగేవి. శ్రీకాకుళం జిల్లా నౌపడ లాంటి చోట్ల ఉప్పు మడుల్లో ఉప్పు గట్టిపడే దశలోని నీళ్లు తెచ్చుకోండి. లీటరు మీడియాకు సోడియం క్లోరైడ్ 200 నుంచి 250 గ్రా., మెగ్నీషియం సల్ఫేట్ 20 గ్రా., ఈస్ట్ ఎక్స్‌ట్రాక్ట్ 10 గ్రా., కాసామినో ఆమ్లాలు 7.5 గ్రా., ట్రైసోడియం సిట్రేట్ 3 గ్రా., పొటాషియం క్లోరైడ్ 2 గ్రా., అగార్ 20 గ్రా. పీహెచ్ 7.2 నుంచి 7.4. ప్లేట్లను ప్లాస్టిక్ సంచిలో కట్టి 37 నుంచి 40 డిగ్రీల దగ్గర కనీసం రెండు వారాలు ఉంచండి. విప్పి ఉంచితే నీరు ఆరిపోయి ఉప్పు పలుకులు కడుతుంది, వాటిని కాలనీలనుకునే ప్రమాదముంది.

ఈ కణాలను మామూలు నీటి బొట్టులో కలిపితే పగిలిపోతాయి. అదే ఉప్పు సాంద్రత ఉన్న ద్రావణంలో స్మియర్ చేసి, ఆరాక 2 శాతం ఎసిటిక్ ఆమ్లంలో 5 నిమిషాలు ఉంచి, ఆ తర్వాతే రంగు వెయ్యాలి. ఆమ్లం కణాన్ని స్థిరపరుస్తుంది, ఉప్పునూ తీసేస్తుంది. ఎర్రగా ఉందని ఆర్కియా అనేయకండి: అలాంటి మడుల్లోనే పెరిగే సాలినీబాక్టర్ రూబర్ కూడా ఎర్రనిదే, కానీ అది బాక్టీరియా. అది ఆంపిసిలిన్‌కు లొంగుతుంది, పెప్టిడోగ్లైకాన్ లేని ఉప్పు ఆర్కియా లొంగవు.

చివరి మెట్టు 16ఎస్ జన్యువు, అంటే ఒక రైబోసోమ్ ఆర్‌ఎన్‌ఏ జన్యువు, దాని సీక్వెన్స్ (బేస్‌ల వరస) చదవడం. పొడవు సుమారు 1,500 బేస్‌లు. దాన్ని పీసీఆర్‌తో ఎన్నో ప్రతులు తీయాలి, అందుకు జన్యువు రెండు కొసల దగ్గరా అతికే చిన్న డీఎన్‌ఏ ముక్కలే ప్రైమర్లు. బాక్టీరియాకు 27ఎఫ్, 1492ఆర్ ప్రైమర్లు సరిపోతాయి. ఆర్కియాకు 27ఎఫ్ అతకదు, విడిగా ఆర్కియా ప్రైమర్లు కావాలి. నెగటివ్ కంట్రోల్‌లో (డీఎన్‌ఏ వెయ్యని ట్యూబులో) బ్యాండు కనిపిస్తే ఆ రోజు పీసీఆర్ మొత్తం పారెయ్యండి. శాంగర్ సీక్వెన్సింగ్ ఒక వైపు నుంచి 700 నుంచి 900 బేస్‌లే నమ్మకంగా ఇస్తుంది కాబట్టి రెండు వైపులా చేయించి కలపాలి. క్రోమాటోగ్రామ్‌లో మొదటి నుంచీ జంట శిఖరాలుంటే కల్చర్ శుద్ధం కాదన్న అనుమానం రావాలి.

పోల్చేటప్పుడు ప్రతి జాతి పేరుకూ ప్రమాణంగా ఉంచిన కల్చర్లతో, అంటే టైప్ స్ట్రెయిన్‌లతోనే పోల్చండి. డేటాబేస్‌లో ఎవరో తప్పు పేరుతో పెట్టిన సీక్వెన్స్ మొదటి వరసలో రావచ్చు. 98.7 శాతం కన్నా తక్కువ పోలిక ఉంటే వేరే జాతి అయ్యే అవకాశం ఎక్కువ, కానీ అంతకన్నా ఎక్కువున్నంత మాత్రాన ఒకే జాతి అనలేం. ఈ. కోలి, షిగెల్లాలను 16ఎస్ విడదీయలేదు. హాలోఆర్కులా అనే ఉప్పు ఆర్కియాలో ఒకే కణంలోని 16ఎస్ ప్రతుల మధ్యే 5 శాతం దాకా తేడా కనిపిస్తుంది. అలాంటి చోట మొత్తం జీనోమ్ చూసి, సగటు న్యూక్లియోటైడ్ పోలిక 95 నుంచి 96 శాతం దాటిందా అన్నది చూడాలి.

పేరు రాసే ముందు, బాక్టీరియా, ఆర్కియాల సరైన పేర్లను చేర్చి ఉంచే ఎల్‌పీఎస్‌ఎన్ జాబితాలో సరిచూసుకోండి. పాత రికార్డు పుస్తకాల్లోని ఎంటరోబాక్టర్ ఎరోజీన్స్ ఇప్పుడు క్లెబ్సియెల్లా ఎరోజీన్స్. లాక్టోబాసిల్లస్ ప్లాంటేరమ్ 2020 నుంచి లాక్టీప్లాంటీబాసిల్లస్ ప్లాంటేరమ్. ఫైలమ్ (వర్గీకరణలో పెద్ద విభాగం) స్థాయిలో ఫర్మిక్యూట్స్ బదులు బాసిల్లోటా, ప్రోటియోబాక్టీరియా బదులు సూడోమోనడోటా 2021లో వచ్చాయి. పాత పేరుతో వెతికితే సగం సమాచారమే దొరుకుతుంది కాబట్టి రికార్డులో కొత్త పేరు రాసి, పక్కనే పాతదీ రాయండి.