కొత్తగా జర్నల్ ఎడిటర్ అయ్యారా, ముందు ఇవి చూసుకోండి

ఎడిటర్ పని అంటే మంచి రీసెర్చ్ పేపర్లు ఏరుకోవడమే అనుకుంటాం గానీ అసలు బరువంతా అచ్చయిన పేపర్లో తప్పు బయటపడిన రోజు తెలుస్తుంది. 1998లో లాన్సెట్ అనే మెడికల్ జర్నల్‌లో 12 మంది పిల్లల మీద వచ్చిన పేపరు ఒకటి తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా రాకుండా వేసే ఎంఎంఆర్ టీకాకీ ఆటిజంకీ లింకు ఉందేమోనన్న భయం పుట్టించింది, దాన్ని పూర్తిగా రిట్రాక్ట్ చేసింది, అంటే వెనక్కి తీసుకుంది, 2010లో. ఈలోపు టీకా వేయించడానికి జంకిన తల్లిదండ్రులు ఎంతమందో, తలుచుకుంటే బాధేస్తుంది.

సరే, మొదటి నుంచీ వద్దాం. పేపరు రాగానే ఆథర్ల పేర్లు చూడండి. మీ స్టూడెంటో, మీతో కలిసి రాసినవాళ్లో, మీకు పడనివాళ్లో ఉంటే ఆ ఫైలు ఇంకో ఎడిటర్‌కి ఇచ్చెయ్యండి. నేను న్యాయంగానే చూస్తా కదా అనిపిస్తుంది, చూస్తారు కూడా, కానీ ఆ సంగతి బయటివాళ్లకెలా తెలుస్తుంది?

పేపరు చదివి మంచీచెడూ చెప్పే రివ్యూయర్ల దగ్గర ఇంకా జాగ్రత్త. ఆథరే రివ్యూయర్‌గా ఒక పేరు ఇచ్చి పక్కన జీమెయిల్ అడ్రస్ పెట్టాడనుకోండి, మెయిల్ పంపిన మర్నాడే "చాలా బావుంది, తీసుకోండి" అని మూడు లైన్ల రివ్యూ వచ్చేసిందనుకోండి, అక్కడ ఆగండి. ఆ మనిషి పనిచేసే యూనివర్సిటీ పేజీకి వెళ్లి అక్కడున్న అడ్రస్‌కి మీరే మెయిల్ చేసి అడగండి. ఇలాంటి ఫేక్ ఐడీల రివ్యూల వల్లే 2014లో సేజ్ పబ్లిషర్స్ ఒకే జర్నల్ నుంచి 60 పేపర్లు వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది.

అచ్చవ్వని పేపర్ని ఏఐ చాట్‌లో పెట్టి సమ్మరీ అడక్కండి, అది మీ చేతికి నమ్మి ఇచ్చింది. మన జర్నల్ పేపర్లు ఇంకో నాలుగు మీ పేపర్లో ఉదహరించండి, తీసుకుంటాం అని ఇంపాక్ట్ ఫ్యాక్టర్ (జర్నల్ పేపర్లని సగటున ఎన్నిసార్లు ఉదహరించారో చెప్పే అంకె) కోసం అడగడం కూడా బలవంతమే.

ఇక అచ్చయిన పేపరు మీద వచ్చే ఫిర్యాదు. పేరు లేకుండా వచ్చినా సరే, అందింది అని జవాబివ్వండి, ఆధారం ఉందో లేదో చూడండి, ఉంటే ఆథర్లని వివరణా, లెక్కలు కట్టకముందున్న అసలు డేటా అడగండి. జవాబు సరిగ్గా లేకపోతే వాళ్ల ఇన్‌స్టిట్యూట్‌కి రాయండి, ఎందుకంటే మోసం చేశారా లేదా అని తేల్చేది వాళ్లు, పేపర్ని నమ్మొచ్చా లేదా అన్నదే మీ పని. విచారణ సాగేలా ఉంటే పేపరు మీద సందేహం ఉందని ఒక నోటీసు పెట్టండి. ఎప్పుడేం చెయ్యాలో 1997లో మొదలైన, రీసెర్చ్ ప్రచురణలో నైతికత గురించి పనిచేసే కోప్ (COPE) అనే సంస్థ ఫ్లోచార్టులు ఫ్రీగా ఇస్తోంది, అవి దగ్గర పెట్టుకోండి.

తొందరగా చెయ్యడం కుదరదని కాదు. 2020 మే 22న అదే లాన్సెట్‌లో కోవిడ్‌కి హైడ్రాక్సీక్లోరోక్విన్ మందు వాడటం మీద పేపరు వచ్చింది, డేటా ఇచ్చిన కంపెనీ బయటి ఆడిట్‌కి దాన్ని చూపించకపోయేసరికి జూన్ 4కల్లా రిట్రాక్ట్ అయింది.

రిట్రాక్షన్ నోటీసులో ఎవరు వెనక్కి తీసుకుంటున్నారో, ఎందుకో సూటిగా రాయండి, డబ్బు కట్టకుండానే ఎవరైనా చదివేలా ఉంచండి. పాత పేపర్ని చెరిపెయ్యకుండా దానిమీదే రిట్రాక్టెడ్ అని కనపడేలా వెయ్యండి. పొరపాటు జరిగిందని ఆథర్లే నిజాయితీగా ముందుకొస్తే ఆ మాట కూడా నోటీసులో ఉండాలి, లేకపోతే వాళ్లనీ మోసగాళ్ల లెక్కలో వేసేస్తారు జనం.

ఫిర్యాదు చేసినవాళ్లకి చివరికి ఏం తేలిందో ఒక మెయిల్ రాయడం మర్చిపోకండి, నెలల తరబడి దానికోసమే చూస్తుంటారు పాపం.