షుగరున్న ఇంట్లో సంగటి

మా అత్తమ్మది చిత్తూరు, సంగటి లేనిదే ఆమెకు పూట గడవదు. రాగి మంచిదేగానీ అదీ పిండిపదార్థమే, ఎంతైనా తినొచ్చనుకోవద్దు. నేను బియ్యం తగ్గించి వండి, ముద్ద చిన్నది చేస్తాను. ముందు ఆకుకూర పప్పు, బీన్స్ తాళింపు పెట్టి, ఆ తర్వాతే సంగటి వడ్డిస్తాను. పీచు, మాంసకృత్తులు ముందు పడితే చక్కెర నెమ్మదిగా పెరుగుతుంది.

బెల్లం కూడా చక్కెరే. మా వీధిలో ఎంతమందికి చెప్పానో! తిరుమల లడ్డు చిటికెడు కళ్ళకద్దుకుని తింటే చాలు. మామిడిపండు తినాలనిపిస్తే సంగటి తగ్గించి, రెండు ముక్కలు.

తిన్న రెండు గంటలకు గ్లూకోమీటర్‌తో చూడండి, చాలామందికి 180 లోపు ఉండాలి. ఇన్సులిన్, మాత్రలు వాడేవాళ్ళు తిండి మార్చేముందు డాక్టరుకు చెప్పండి. వాళ్ళు పూట మాత్రం మానొద్దు, షుగర్ మరీ పడిపోవచ్చు.