వేట రైఫిల్‌కు రాగి గుండు: సీసం లేని తూటాలను సొంతంగా కూర్చుకునే పద్ధతి

కాలిఫోర్నియాలో 2019 జూలై 1 నుంచి ఏ తుపాకీతో వేటాడినా సీసపు గుండు వాడకూడదు. 2013లో ఆమోదం పొందిన చట్టం దశలవారీగా అమలై ఆ తేదీకి రాష్ట్రమంతటా పూర్తిగా వర్తించింది. అంతకుముందే, 2008 నుంచి, కాండర్ రాబందులు తిరిగే ప్రాంతాల్లో పెద్ద జంతువుల వేటకు ఈ నిషేధం ఉంది. 1982 నాటికి ప్రపంచం మొత్తం మీద ఇరవై రెండే మిగిలిన ఆ పక్షులు, వేటగాళ్లు అడవిలో వదిలేసిన పేగుల్లోని సీసపు తునకలు తిని చచ్చిపోతున్నాయని తేలడమే ఇందుకు కారణం. పశువులకిచ్చిన డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు వల్ల మన దేశంలో రాబందులు ఎలా దాదాపుగా తుడిచిపెట్టుకుపోయాయో తెలిసిన తెలుగు పాఠకుడికి ఈ కథ కొత్తగా అనిపించదు. కళేబరంలోని విషం వేరు, అంతే.

ఒక మాట ముందే చెప్పాలి. భారతదేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వేట నిషిద్ధం, ఆయుధ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడం నేరం. కాబట్టి ఈ వ్యాసం అమెరికాలో స్థిరపడి, అక్కడి నియమాల ప్రకారం ట్యాగ్ (వేట అనుమతి చీటీ) తీసుకుని జింకనో అడవి పందినో వేటాడే తెలుగువారి కోసమే. ఉదాహరణగా నేను ఎంచుకున్నది ఆ దేశంలో అతి సాధారణమైన, .30-06 రకం తూటా కాల్చే బోల్ట్ రైఫిల్ (ప్రతి తూటాకూ చేత్తో బోల్ట్ లాగి మూసేది).

మాటల విషయంలో మన భాష మనకు మేలే చేసింది. మందుగుండు అన్న మాటలోనే మందు వేరు, గుండు వేరు అని ఉంది. ఇక్కడ తూటా అంటే నింపి సిద్ధం చేసిన మొత్తం వస్తువు, గుండు అంటే బ్యారెల్ నుంచి బయటికి పోయే ముక్క, మందు అంటే పౌడర్, కేస్ అంటే ఇత్తడి గొట్టం, ప్రైమర్ అంటే కేస్ అడుగున ఉండి మందును రగిలించే చిన్న టోపీ.

రాగి సీసంలా ప్రవర్తించదు

సీసం సాంద్రత ఘన సెంటీమీటరుకు 11.34 గ్రాములు, రాగిది 8.96. అంటే ఒకే బరువు, ఒకే వ్యాసం ఉన్న రెండు గుండ్లలో రాగిది తప్పనిసరిగా పొడవుగా ఉంటుంది. మిగిలిన చిక్కులు చాలావరకు ఈ పొడవు నుంచే పుడతాయి. పొడవైన గుండు నిలకడగా ఎగరడానికి ఎక్కువ వేగంగా తిరగాలి, కనుక బ్యారెల్‌లోని మెలిక (లోపలి గాడులు చుట్టు తిరిగే తీరు) తగినంత బిగువుగా ఉండాలి. అది కేస్‌లోకి ఎక్కువ లోతు దిగి మందుకు ఉండవలసిన చోటును ఆక్రమిస్తుంది. పైగా రాగి సీసంలా మెత్తగా నలగదు కాబట్టి, గుండు బ్యారెల్ గాడుల్లోకి ఒత్తుకునేటప్పుడు పీడనం పెరిగే తీరు కూడా మారుతుంది. అందుచేత 165 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే సుమారు 0.065 గ్రాము) సీసపు గుండుకు తూటాల కూర్పు మాన్యువల్‌లో ఇచ్చిన మందు మోతాదును అదే బరువు రాగి గుండుకు వాడడం ప్రమాదకరం. ఆ గుండు తయారీదారు ఆ గుండుకే ప్రచురించిన మోతాదు కావాలి. ఈ వ్యాసంలో మోతాదుల అంకెలు ఒక్కటి కూడా ఇవ్వకపోవడానికి కారణం ఇదే.

బార్న్స్ సంస్థ 1989లో తెచ్చిన ఎక్స్ గుండు ఈ దారిలో తొలి పేరున్న ప్రయత్నం. ఒంటి మీద గాడులు లేని ఆ గుండు బ్యారెల్ నిండా రాగిని పూసేదనీ, కొన్ని రైఫిళ్లలో గురి అసలు కుదరదనీ పాత వేటగాళ్లు ఇప్పటికీ ఫిర్యాదు చేస్తారు. 2003లో వచ్చిన టీఎస్ఎక్స్ గుండుకు చుట్టూ గాడులు తీయడంతో రాపిడి తగ్గింది, రాగి పూత తగ్గింది. ఆ తర్వాత ముక్కుకు ప్లాస్టిక్ మొన తగిలించిన రకాలు వచ్చాయి. ఇప్పుడు హార్నడీ, నాస్లర్ వంటి సంస్థల గుండ్లు కూడా ఇదే బాటలో ఉన్నాయి. ముప్ఫై ఏళ్ల కిందటి చేదు జ్ఞాపకాన్ని పట్టుకుని నేటి గుండ్లను తూచడం న్యాయం కాదు.

గుండును ఎంచుకోవడం

సీసానికి 180 గ్రెయిన్లు వాడినవారు రాగిలో 150 నుంచి 168 గ్రెయిన్ల మధ్య ఎంచుకోవాలి. సీసపు గుండు జంతువు ఒంట్లో తునకలై కొంత బరువు పోగొట్టుకుంటుంది, రాగి గుండు రేకులుగా విచ్చుకుని దాదాపు మొత్తం బరువుతో లోపలికి దూసుకుపోతుంది. కనుక తక్కువ బరువుతో మొదలుపెట్టినా చొచ్చుకుపోయే శక్తికి లోటుండదు. రాగికి నిజంగా కావలసింది వేగం. వేగం చాలకపోతే రేకులు విచ్చుకోవు, గుండు పెన్సిల్‌లా అటునుంచి ఇటు దూరిపోతుంది, గాయపడిన జంతువు అడవిలోకి పారిపోతుంది. తయారీదారులు చెప్పే కనీస వేగం గుండును బట్టి మారుతుంది. నేను మాత్రం జంతువును తాకేచోట సెకనుకు 2,000 అడుగులకు తగ్గకూడదని లెక్క పెట్టుకుంటాను. తేలిక గుండు ఇటు వేగాన్నీ ఇస్తుంది, అటు పొడవునూ తగ్గిస్తుంది.

కొనేముందు డబ్బా మీద రాసిన కనీస మెలికను చూడండి. .30-06 రైఫిళ్లలో సాధారణంగా పది అంగుళాలకు ఒక చుట్టు ఉంటుంది, 168 గ్రెయిన్ల రాగి గుండుకు అది చాలు. చిన్న క్యాలిబర్లలో, ముఖ్యంగా పాత రైఫిళ్లలో, ఈ లెక్క తప్పుతుంది. అలాగే ఆ గుండు రాష్ట్ర వన్యప్రాణి శాఖ ధ్రువీకరించిన సీసం లేని గుండ్ల జాబితాలో ఉందో లేదో చూసుకోవడం తప్పనిసరి. బరువులో ఒక శాతానికి మించి సీసం ఉండకూడదన్నది అక్కడి నియమం.

ముందు బ్యారెల్‌ను, తర్వాత కేస్‌ను

గురి కుదరలేదని గుండును తిట్టేవారిలో చాలామంది స్కోప్ మరలను బిగించి చూడనివారే. స్కోప్ బేస్, రింగులు, చెక్కకు యాక్షన్‌ను (బోల్ట్ కదిలే లోహభాగాన్ని) కలిపే మరలు, అన్నీ టార్క్ రెంచితో సరిచూడాలి. తర్వాత బ్యారెల్‌లోని పాత పూతను రాగిని కరిగించే ద్రావకంతో, గుడ్డ మీద నీలిరంగు రావడం ఆగేదాకా తీయాలి. సీసపు గుండ్ల జాకెట్ (పై తొడుగు) సాధారణంగా అయిదు నుంచి పది శాతం జింకు కలిసిన రాగి మిశ్రమం, ఈ గుండు దాదాపు స్వచ్ఛమైన రాగి. రెండింటి పూతలూ కలిసిన బ్యారెల్‌లో మొదటి కొన్ని తూటాలు ఎటు పోతాయో చెప్పలేం. శుభ్రం చేసిన బ్యారెల్‌కు నాలుగైదు రాగి తూటాలు కాల్చాకే అసలు పరీక్ష మొదలుపెట్టాలి.

కేస్‌ల పని గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. ఒకే కంపెనీ, ఒకే లాట్ (ఒకే విడతలో తయారైనవి), సమానసార్లు కాల్చినవి తీసుకోండి. కేస్ భుజాన్ని (మెడ కింది ఏటవాలు భాగాన్ని) అంగుళంలో వెయ్యోవంతు, మహా అయితే రెండు వెయ్యోవంతులు మాత్రమే వెనక్కి నెట్టేలా సైజింగ్ డైని (కాల్చిన కేస్‌ను మళ్లీ కొలతకు తెచ్చే అచ్చును) అమర్చండి. అన్నింటినీ ఒకే పొడవుకు కత్తిరించి, నోటి అంచును లోపల కొద్దిగా ఏటవాలుగా చేయండి. రాగి గుండు అంచుకు గీసుకుంటే గీత పడుతుంది, సీసపు గుండులా సర్దుకోదు.

జంప్: ఇక్కడే అసలు సంగతి

గుండు కేస్‌లో కూర్చున్న చోటు నుంచి బ్యారెల్ గట్లు (గాడుల మధ్య ఎత్తుగా ఉండే భాగాలు) మొదలయ్యే చోటుకు ఉండే దూరాన్ని జంప్ అంటారు. సీసపు గుండుతో గురి పదును పెట్టేవారు ఆ దూరాన్ని అంగుళంలో పది, ఇరవై వెయ్యోవంతులకు కుదిస్తారు. రాగి గుండుకు ఆ అలవాటు పనికిరాదు. బార్న్స్ సంస్థ తన గుండ్లకు యాభై వెయ్యోవంతుల దూరంతో మొదలుపెట్టమంటుంది. కొన్ని రైఫిళ్లలో అది ఎనభై, వంద దాటాక గాని గురి కుదరదు. నేను మొదటి ఏడాది సీసానికి రాసిపెట్టుకున్న కొలతనే వాడి, మందు మార్చి, ప్రైమర్ మార్చి, ఒక సీజన్ పాడుచేసుకున్నాను. గుండును అరవై వెయ్యోవంతులు లోపలికి నెట్టిన రోజు చెల్లాచెదురుగా ఉన్న గ్రూప్ (కాగితం మీద పడిన రంధ్రాల గుంపు) ఒక్కసారిగా ముడుచుకుంది.

దూరం కొలవడానికి ఖరీదైన పరికరం ఉంటే మంచిదే, లేకపోయినా పని ఆగదు. కాల్చిన కేస్ నోటిని సన్నని రంపంతో నిలువుగా చీల్చి, గుండును వదులుగా పెట్టి, మెల్లగా బోల్ట్ మూస్తే గట్లు గుండును వెనక్కి నెడతాయి. బయటికి తీసి కొలవాలి, అయిదారుసార్లు కొలిచి సగటు తీసుకోవాలి. కొలత గుండు మొన నుంచి కాకుండా, గుండు పూర్తి వ్యాసం అందుకునే ఓజైవ్ (ముక్కు వంపు) నుంచి, కంపారేటర్ అనే చిన్న తొడుగుతో తీసుకోవాలి. ప్లాస్టిక్ మొనలు ఒకదానికొకటి కొద్దిగా తేడాగా ఉంటాయి. మొత్తం తూటా పొడవు మ్యాగజైన్‌లో పట్టాలన్నది మరో హద్దు. .30-06కు ప్రామాణిక గరిష్ఠ పొడవు 3.340 అంగుళాలు. గుండును గట్లకు తగిలించి కూర్చడం మాత్రం వద్దు, పీడనం హఠాత్తుగా పెరుగుతుంది.

మందు: మెట్టు మెట్టుగా

బల్ల మీద ఒకే ఒక్క మందు డబ్బా ఉండాలి. మిగిలినవన్నీ అలమారలో. త్రాసును తెలిసిన బరువుతో ఆ రోజే సరిచూడాలి. మాన్యువల్‌లో ఆ గుండుకు ఇచ్చిన ప్రారంభ మోతాదుతో మొదలుపెట్టి, ఈ కేస్‌కు ఒక్కో మెట్టుకు 0.3 గ్రెయిన్లు పెంచుతూ, జంప్‌ను యాభై వెయ్యోవంతుల దగ్గర స్థిరంగా ఉంచి, మెట్టుకు మూడేసి తూటాలు నింపండి. కాల్చేటప్పుడు క్రోనోగ్రాఫ్ (గుండు వేగం కొలిచే పరికరం) తప్పనిసరి. బోల్ట్ ఎత్తడానికి బరువుగా ఉన్నా, కేస్ అడుగున ఎజెక్టర్ గుండ్రటి మచ్చ పడినా, ప్రైమర్ అంచులు చదునై పోయినా, గరిష్ఠ మోతాదుకు చేరకముందే ఆపేయాలి. ఇవేవీ కనబడకపోయినా, మాన్యువల్ గరిష్ఠ మోతాదుకు చెప్పిన వేగాన్ని మీ రైఫిల్ అంతకంటే తక్కువ మోతాదుతోనే అందుకుంటే, అది ఉచితంగా వచ్చిన వేగం కాదు. దాని ధర పీడనం. అక్కడితో ఆగాలి. మిగిలిన తూటాలను గుండు లాగే సుత్తితో విప్పి మందు వెనక్కి తీసుకోవడానికి సిగ్గుపడనక్కర్లేదు.

కాలిఫోర్నియా తీరప్రాంతంలోని ‘A’ అనే వేట జోన్‌లో జింకల సీజన్ ఆగస్టులో మొదలవుతుంది. లోపలి లోయల్లో అప్పుడు వంద డిగ్రీల ఫారెన్‌హీట్ దాటడం మామూలే. జనవరి చలిలో గరిష్ఠానికి దగ్గరగా తయారుచేసుకున్న తూటా, ఆగస్టు ఎండలో కారులో కూర్చున్నాక, హద్దు దాటవచ్చు. ఉష్ణోగ్రతకు పెద్దగా స్పందించని మందులు ఉన్నాయి, .30-06కు హాడ్జ్‌డన్ వారి హెచ్4350 అలాంటిదే. అయినా నేను గరిష్ఠానికి ఒకటిన్నర శాతం కిందే ఉండి, సెకనుకు ముప్ఫై అడుగుల వేగాన్ని వదులుకుంటాను.

గురిని ముడిచే దశ

సురక్షితమైన మోతాదు ఒకటి ఎంచుకున్నాక దాన్ని ముట్టుకోకండి. ఇప్పుడు జంప్ మాత్రమే మార్చాలి: ముప్ఫై, యాభై, డెబ్బై, తొంభై వెయ్యోవంతులు, వీలైతే నూట పది. ఒక్కోదానికి మూడు తూటాలు, వంద గజాల దూరం, మధ్యలో బ్యారెల్ చేతికి చల్లగా తగిలేదాకా ఆగడం. గట్లకు దగ్గరగా జరిపేటప్పుడూ, కేస్ నిండుగా ఉండగా మరీ లోతుకు దించేటప్పుడూ పీడనం మారుతుంది, కనుక ఆ సంకేతాలను మళ్లీ గమనించాలి. చాలా రైఫిళ్లలో పక్కపక్కన ఉన్న రెండు కొలతలు బాగా కాలుస్తాయి. ఆ రెంటి మధ్య కొలతను తీసుకుంటే బ్యారెల్ గొంతు (గట్లు మొదలయ్యే చోటు) కొద్దిగా అరిగినా గురి వెంటనే చెదరదు. అప్పటికీ కుదరకపోతే జంప్‌తో ఇంకా కుస్తీ పట్టకుండా గుండు బరువు మార్చడమే నా సలహా. ఒక్కో రైఫిల్‌కు 150 నచ్చుతుంది, 168 నచ్చదు. ఎందుకో అడిగి లాభం లేదు.

మూడు తూటాల గ్రూప్ ఒక్కటి బాగా వచ్చిందని జేబులో ఫొటో పెట్టుకుని తిరగడం మనందరి బలహీనత. మూడు తూటాలకు అదృష్టం తోడవుతుంది. అదే కూర్పును మరో రెండు రోజులు, వేరే వాతావరణంలో కాల్చి, అన్ని రంధ్రాలనూ ఒకే కాగితం మీద గుర్తిస్తే నిజం తెలుస్తుంది. జింక గుండె, ఊపిరితిత్తుల ప్రాంతం సుమారు ఎనిమిది అంగుళాలు. వంద గజాల్లో ఒకటిన్నర అంగుళం స్థిరంగా ఇచ్చే తూటా రెండు వందల గజాల వేటకు చాలినంత మంచిది. దాన్ని ముప్పావుకు తెచ్చే యత్నంలో బ్యారెల్‌నూ రాగినీ ఖర్చుపెట్టడం నా దృష్టిలో వృథా.

చివరి పరీక్ష బెంచ్ మీద చేసేది కాదు. వేటకు తీసుకెళ్లే స్థితిలోనే, పూర్తిగా చల్లారిన బ్యారెల్‌తో, మోకాలి మీద కూర్చునో బైపాడ్ ఆనుకునో, రోజుకు ఒక్క తూటా చొప్పున అయిదు రోజులు కాల్చి, అయిదు రంధ్రాలను ఒకే కాగితం మీద చూడండి. జంతువుకు తగిలేది ఆ మొదటి తూటాయే. క్రోనోగ్రాఫ్ వేగాన్ని బాలిస్టిక్ కాలిక్యులేటర్‌లో వేసి, గుండు వేగం 2,000 అడుగులకు తగ్గే దూరాన్ని కనిపెట్టి, రైఫిల్ చెక్క మీద టేపుతో ఆ గజాల అంకె అంటించుకోండి. గుండు, మందు, ప్రైమర్, కేస్ లాట్ సంఖ్యలు, ఓజైవ్ కొలత, ఆ రోజు ఉష్ణోగ్రత తూటాల డబ్బా మూత లోపల రాసిపెట్టండి. మందు డబ్బా అయిపోయి కొత్త లాట్ తెరిచిన రోజు, పాత అంకెను నేరుగా నింపకుండా, ఒకటిన్నర గ్రెయిన్లు దిగివచ్చి మెట్లు మళ్లీ ఎక్కాలి.