మంద దగ్గర కంట్లో పడే పురుగులు: గొర్రెల కాపరులకు జాగ్రత్తలు

ఎండ కాసే వెచ్చని పూట గొర్రెలు ఉన్నట్టుండి గుంపుగా చేరి, తలలు దించి, ముక్కులను నేలకో పక్క జీవం ఒంటికో ఆనించి, కాళ్లు నేలకేసి కొడుతూ తుమ్ముతున్నాయంటే, ముక్కుల్లో పురుగులు వేసే ఈగ అక్కడ తిరుగుతోందని కాపరి గ్రహించాలి. శాస్త్రజ్ఞులు ఈస్ట్రస్ ఓవిస్ అని పిలిచే ఈ బూడిదరంగు ఈగ ఇంచుమించు తేనెటీగంత ఉంటుంది. ఇది గుడ్లు పెట్టదు. ఎగురుతూనే ప్రాణమున్న పురుగుపిల్లలను గొర్రె ముక్కురంధ్రాల వైపు చిమ్ముతుంది. ఒక్కొక్కసారి అవి పక్కనున్న మనిషి కంట్లో పడతాయి. 2019 పశుగణన ప్రకారం తెలంగాణలో సుమారు 1.9 కోట్లు, ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 1.76 కోట్లు గొర్రెలున్నందున ఇది మనకు దూరపు ముచ్చట కాదు.

మంద వెంట వెళ్లేవారు, దొడ్డి ఊడ్చేవారు, మంద పక్కనుంచి బండి మీద వెళ్లేవారు పక్కలు కూడా మూసుకునే కళ్లద్దాలు పెట్టుకోవడం అన్నిటికంటే మేలైన రక్షణ. గొర్రెల ముక్కుల నుంచి చీమిడి కారుతుంటే పశువైద్యుని సలహాతో ముక్కులోని పురుగులను చంపే ఐవర్‌మెక్టిన్ వంటి మందు వేయించాలి. ఆ పురుగులే నేలలో పడి మళ్లీ ఈగలవుతాయి.

కంటికి ఏదో టప్పున తగిలి, కాసేపటికి మంట, నీరు కారడం, లోపల ఏదో కదులుతున్నట్టు అనిపించడం మొదలైతే నలపకూడదు. శుభ్రమైన నీటితో కడగవచ్చు గానీ, ఒక మిల్లీమీటరు పొడవుండే ఆ పురుగులు నోటి కొక్కేలతో పొరను పట్టుకుంటాయి కనుక కడిగినంత మాత్రాన పోతాయని నమ్మరాదు. పశువుల పుండ్లకు వాడే టర్పెంటైన్‌ను కంటి దరిదాపులకు కూడా రానివ్వకూడదు. ఆకు పసర్లూ వద్దు, దుకాణంలో అడిగి తెచ్చుకున్న చుక్కల మందూ వద్దు.

చూడటానికి కండ్లకలకలాగే ఉండటం వల్ల వైద్యులు సైతం పొరబడే వీలుంది. అందుచేత మంద దగ్గర ఈగ తగిలిందన్న మాట ముందే చెప్పాలి. కంటి వైద్యుడు తిమ్మిరి చుక్కలు వేసి, స్లిట్ ల్యాంప్ (కంటిని వెలుతురు వేసి పెద్దదిగా చూపే పరికరం) కింద సన్నని పట్టకారుతో ఒక్కొక్కటిగా తీస్తారు. వెలుతురు పడగానే అవి రెప్పల మడతల్లోకి పాకిపోతాయి కాబట్టి రెప్ప తిప్పి చూడటం, మర్నాడు మరోసారి చూపించుకోవడం అవసరం. మనిషి కంట్లో ఇవి పెరగలేక కొద్దిరోజుల్లో చస్తాయన్నది నిజమే. అయినా ఈలోగా నల్లగుడ్డు గీసుకుపోవచ్చు, అరుదుగా పురుగు కంటి లోపలికే చేరవచ్చు. చూపు మసకబారినా, నల్లని చుక్కలు తేలుతున్నట్టు కనిపించినా అదే రోజు రెటీనా (కంటి లోపలి వెనుక పొర) పరీక్ష చేయించుకోవాలి.