గోదారి పొంగే లోపు ఎయిర్ సస్పెన్షన్: బెలూన్లు ఆఖర్న కొనండి

కడియం నర్సరీల నుంచి మొక్కలు ఎత్తే లారీకైనా, ఆకివీడు చెరువుల నుంచి బతికున్న చేపల్ని ట్యాంకుల్లో మోసే బండికైనా, కోడిగుడ్ల లోడుకైనా కమాన్ పట్టీల (యాక్సిల్ దగ్గర ఒకదాని మీద ఒకటి పేర్చిన ఇనుప స్ప్రింగు పట్టీల) కుదుపంటే నష్టమే. అందుకే పట్టీలు తీయించి గాలి బెలూన్లు వేయించుకునేవాళ్లు ఉన్నారు. సామాను కొనేటప్పుడు మాత్రం చాలామంది తలకిందులుగా మొదలుపెడతారు. ఆటోనగర్‌లో బెలూన్లు చవగ్గా దొరికాయని ముందు అవి తెచ్చుకుని, మిగతా సామానంతా వాటికి సరిపెట్టాలని చూస్తారు. కొనాల్సిన వరుస దీనికి సరిగ్గా ఎదురు.

ఆషాఢం వచ్చాక కాజ్‌వేల మీదికి నీళ్లెక్కుతాయి, చెరువు గట్లు బురదవుతాయి. ధవళేశ్వరం దగ్గర గోదారి నీటిమట్టం 11.75 అడుగులు దాటి మొదటి హెచ్చరిక పడ్డాక లంక రోడ్ల మీద గాలి కారే బండితో ఇరుక్కుంటే తీసుకొచ్చేవాడు దొరకడు. కొనడం, బిగించడం, పది రోజులు లోడుతో తిప్పి చూడడం, అన్నీ జ్యేష్ఠంలోనే అయిపోవాలి.

డబ్బు తీసే ముందు ఒక మాట. బండిని కంపెనీ ఇచ్చిన తీరు నుంచి మార్చడం మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ కిందకొస్తుంది. అనుమతి లేకుండా మారిస్తే 182ఎ కింద ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా 6 నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు. ఆర్టీవో ఆఫీసులో అడిగి, ఇన్సూరెన్సు వాళ్లకు రాతపూర్వకంగా తెలిపి, ఆ తరవాతే అడ్వాన్సు ఇవ్వండి. ఎఫ్‌సీకి (ఫిట్‌నెస్ సర్టిఫికెట్‌కి) వెళ్లినప్పుడు తెలుసుకుంటే పెట్టిన డబ్బంతా నేలపాలైనట్టే.

మొదటి ఖర్చు కాటా రుసుమే. ఫుల్ లోడుతో ఒకసారి, ఖాళీగా ఒకసారి వెనక యాక్సిల్‌ని విడిగా తూయించండి. 4 టైర్ల ఒంటి యాక్సిల్‌కి 2018 నుంచి చట్టం ఒప్పుకునే బరువు 11.5 టన్నులు. అందులో యాక్సిల్, డ్రమ్ములు, చక్రాల బరువు సుమారు ఒక టన్ను తీసేస్తే సస్పెన్షన్ మీద పడేది 10.5 టన్నులు, ఒక్కో పక్కకి 5.25.

ఆ 5.25 టన్నులూ బెలూన్ మీదే పడాలా అన్నది ఆర్మ్ (యాక్సిల్‌నీ బెలూన్‌నీ మోసే పొడవాటి కడ్డీ) కొలతను బట్టి ఉంటుంది. ముందున్న హ్యాంగర్ (ఆర్మ్ ముందు కొసని ఛాసిస్‌కి పట్టుకునే బ్రాకెట్) పిన్ను నుంచి యాక్సిల్ దాకా 500 మి.మీ., బెలూన్ దాకా 880 మి.మీ. అనుకోండి. అప్పుడు బెలూన్ మీదికి వచ్చేది 5.25ని 500తో గుణించి 880తో భాగిస్తే వచ్చేది, అంటే 2.98 టన్నులు. మిగతాది హ్యాంగర్ మోస్తుంది. పనిచేసే వ్యాసం 300 మి.మీ. ఉన్న బెలూన్‌లో గాలి తోసే వైశాల్యం 707 చదరపు సెంటీమీటర్లు. ఆ లెక్కన 2.98 టన్నులకి చదరపు సెంటీమీటరుకి 4.2 కేజీల గాలి చాలు. అదే బెలూన్‌ని నేరుగా యాక్సిల్ నెత్తిన పెడితే 7.4 కావాలి. బ్రేకు ట్యాంకులో ఉండేదే 8 చిల్లర కాబట్టి ఆ అమరిక నిలవదు. ఫుల్ లోడులో 5 లేదా 5.5 దగ్గర ఆగిపోయేలా బెలూన్ ఎంచుకోండి. పనిచేసే వ్యాసం అంటే టేపు పెట్టి కొలిచే బయటి వ్యాసం కాదు, అంతకంటే తక్కువ ఉంటుంది. ఏ ఎత్తు దగ్గర, ఎంత గాలికి, ఎంత బరువు మోస్తుందో చెప్పే కంపెనీ చార్టు అడగండి. చార్టు చూపించలేని దుకాణంలో కొనకండి.

బెలూన్ కంటే ముందు తేలాల్సినవి ఇంకా ఉన్నాయి. అందరూ మర్చిపోయేది బ్రేకు లోడ్ సెన్సింగ్ వాల్వు. పాత బండిలో పట్టీ ఎంత వంగిందో లివరు ద్వారా చూసి బ్రేకుకి గాలి ఎంత పంపాలో ఆ వాల్వు తేల్చేది. ఎయిర్ సస్పెన్షన్‌లో లోడు ఎక్కినా ఎత్తు మారదు. కాబట్టి పాత వాల్వుని అలాగే వదిలేస్తే ఫుల్ లోడుతో ఉన్న బండిని ఖాళీ బండనుకుంటుంది, వెనక బ్రేకు సగమే పడుతుంది. బెలూన్‌లోని గాలిని చూసి పనిచేసే రకం వాల్వు విడిగా కొనాలి. ఈ ఒక్క సామాను బడ్జెట్‌లో లేకపోతే పని మొదలుపెట్టకండి.

రెండోది ప్రొటెక్షన్ వాల్వు. బెలూన్ పగిలినా బ్రేకు గాలి పోకుండా కాపాడేది ఇదే. సస్పెన్షన్ లైను బ్రేకు ట్యాంకు నుంచి బయల్దేరే చోటే, ఏ టీ జాయింటూ రాకముందే పెట్టించాలి. ఎంత గాలి దగ్గర మూసుకుంటుందో దాని మీద గుద్ది ఉంటుంది. ఆ అంకె లేని వాల్వు వద్దు.

షాక్ అబ్జార్బర్లు పాతవి పనికిరావు. పట్టీల మధ్య రాపిడి కొంత ఊపును తినేసేది, బెలూన్‌లో ఆ రాపిడి లేదు. పైగా చక్రం గుంటలోకి దిగినప్పుడు బెలూన్ తెగేంత సాగకుండా ఆపేది కూడా షాకే. పూర్తిగా సాగిన షాకు పొడవు బెలూన్ గరిష్ఠ ఎత్తు కంటే ముందే అడ్డం పడాలి. రెండింటి కొలతలూ కాగితం మీద పక్కపక్కన రాసి చూసుకున్నాకే ఆర్డరు పెట్టండి. కొబ్బరికాయలు, రొయ్యల ట్రేలు ఎత్తుగా వేసే బండికి యాంటీ రోల్ బార్ కూడా తప్పనిసరి. పట్టీలతో పోలిస్తే బెలూన్ పక్కవాలుని అంతగా ఆపలేదు.

ఎత్తు సరిచేసే లెవెలింగ్ వాల్వులు వెనక యాక్సిల్‌కి పక్కకొకటి చొప్పున రెండు తీసుకోండి. ఒక్క వాల్వుతో రెండు బెలూన్లనూ కలిపేస్తే మలుపులో బరువు పడ్డ వైపు గాలి అవతలి వైపుకి జారిపోతుంది, బండి ఇంకా వాలుతుంది. చేపల ట్యాంకులో నీళ్లు ఊగే బండికి ఇది మరీ ప్రమాదం. రెండు వాల్వులూ ఒకే కంపెనీవి, ఒకే నంబరువి అయి ఉండాలి. లింకు కడ్డీల చివర రబ్బరు బుష్షులు వదులైతే వాల్వు ఊరికే గాలి నింపుతూ వదులుతూ కంప్రెసర్ని అరగదీస్తుంది.

ఇక మన డెల్టాలో సొమ్మంతా నీళ్లపాలు చేసేవి చిన్న సామాన్లు, ముఖ్యంగా యూనియన్లు, అంటే గాలి పైపుల్ని కలిపే జాయింట్లు. మరల్లో మూడు రకాలు కలగాపులగంగా అమ్ముతారు: ఎన్‌పీటీ (అమెరికా కొలత), బీఎస్‌పీ (బ్రిటిష్ కొలత), మెట్రిక్ (మి.మీ. కొలత). పావు అంగుళం ఎన్‌పీటీలో అంగుళానికి 18 మరలు, బీఎస్‌పీలో 19. ఒకదాన్ని ఇంకోదాంట్లో ఎక్కిస్తే రెండు చుట్లు తిరిగి బిగుసుకుపోతుంది, మిస్త్రీ బలవంతంగా తిప్పుతాడు, మర చెడుతుంది. అర అంగుళంలో ఇంకా మోసం. రెండింటికీ 14 మరలే, చివరిదాకా ఎక్కుతుంది గానీ మర కోణం ఒకటి 60 డిగ్రీలు, ఇంకోటి 55. ఎంత టేపు చుట్టినా సన్నగా కారుతూనే ఉంటుంది. పైపుల్లోనూ అంతే: 12 మి.మీ. యూనియన్లో అర అంగుళం పైపు, అంటే 12.7, పట్టదు. అర అంగుళం యూనియన్లో 12 మి.మీ. పైపు పడుతుంది గానీ లోడు మీద ఊడొస్తుంది. బండి మొత్తానికి ఒకే కొలత పద్ధతి పెట్టుకోండి. బ్రేకులకు వాడే నైలాన్ పైపు, ఇత్తడి యూనియన్లే తీసుకోండి. పైపు రెండు మీటర్లు, యూనియన్లు నాలుగు ఎక్కువ కొని డ్యాష్‌బోర్డులో పెట్టుకోండి. పైపుని బ్లేడుతో నిటారుగా కోయాలి. హాక్సా రంపంతో కోస్తే పొట్టు లోపలికి పోయి వాల్వుకి అడ్డం పడుతుంది.

రొయ్యల ట్రేల నుంచి ఉప్పునీరు రోజంతా ఛాసిస్ మీదికి కారుతుంది. ఆ నీరు బెలూన్ కింది ఇనుప ప్లేటు రబ్బరుని పట్టుకునే అంచులోకి చేరి లోపలి నుంచి తుప్పు పట్టిస్తుంది. పైకి బెలూన్ కొత్తదిలాగే కనిపిస్తుంది. కింద కూర్చునే పిస్టన్ గట్టి ప్లాస్టిక్ రకం దొరికితే ఇనుము కంటే అదే మేలు. సెకండ్ హ్యాండ్ బెలూన్ అయితే ఆ అంచు చుట్టూ గోటితో గీకి చూడండి, పొర లేస్తే వదిలేయండి. రబ్బరుని వేళ్లతో మడిచి, మడతలో సన్న పగుళ్లు చూడండి. లోపల బంప్ స్టాప్ రబ్బరు ఉందో లేదో అడగండి. అది ఉంటే బెలూన్ పగిలినా నెమ్మదిగా పక్క ఊరి దాకా పోవచ్చు. వానాకాలం ముందు ఛాసిస్‌కి కాలిన ఆయిల్ కొట్టించే అలవాటు మనవైపు ఉంది. ఎయిర్ సస్పెన్షన్ బండికి అది బెలూన్ల దగ్గరికి రానివ్వకూడదు, ఆయిల్ తగిలిన రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది. బురద కడగడానికి మంచినీళ్లు, సబ్బు చాలు.

గాలిలో తేమ ఎక్కువున్న చోట ఎయిర్ డ్రయ్యర్ కాట్రిడ్జ్ (కంప్రెసర్ గాలిలోని తేమను పీల్చే డబ్బా) కూడా కొత్తది వేయించండి. ట్యాంకు అడుగు నీళ్లు రోజూ వదలాలి.

బిగించేటప్పుడు ఛాసిస్ పై, కింది అంచులకు రంధ్రాలు వేయనివ్వకండి, నిలువు పక్కకే వేయాలి. వెల్డింగు చేస్తే బ్యాటరీ తీగలు విప్పి, బెలూన్లు తడి గోనెపట్టాతో కప్పాలి. గాలి నిండిన బెలూన్ చుట్టూ కనీసం 25 మి.మీ. ఖాళీ ఉండాలి. బెలూన్ని చోటులో బిగించకుండా విడిగా గాలి కొట్టడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. గాలి మీద నిలబడ్డ బండి కిందికి స్టాండ్లు పెట్టకుండా ఎవరూ దూరకూడదు.

అంతా అయ్యాక సబ్బు నీళ్లతో ప్రతి జాయింటూ తడిపి చూడండి. లోడుతో సాయంత్రం ఇంజిను ఆపి, రెండు వైపులా మడ్‌గార్డు నుంచి టైరు దాకా ఎత్తు కొలిచి సుద్దతో రాయండి. తెల్లారి మళ్లీ కొలవండి. ఒక వైపే దిగితే ఆ వైపు బెలూను, వాల్వు, యూనియన్లు చూడాలి. రెండూ సమానంగా దిగితే ట్యాంకు నుంచి వచ్చే లైను, ప్రొటెక్షన్ వాల్వు దగ్గర మొదలుపెట్టాలి.