ఆఫీస్ పోర్టల్‌లో మెయిల్, కాంటాక్ట్స్, క్యాలెండర్ కలపాలంటే

మా టీమ్‌కి ఈ పని వచ్చినప్పుడు చేతికి ఇచ్చిన రిక్వైర్‌మెంట్ ఒక్క లైను: "పోర్టల్ ఓపెన్ చేస్తే మెయిల్, క్యాలెండర్ అన్నీ అక్కడే కనపడాలి." మీకూ ఇలాగే వస్తుంది. ఆ "అన్నీ" దగ్గరే ఆగండి. కోడ్ మొదలుపెట్టే ముందు ఒక రోజంతా హెచ్‌ఆర్ పక్కనో సపోర్ట్ డెస్క్ పక్కనో కుర్చీ వేసుకుని కూర్చుని, వాళ్లు ఏ విండో ఎందుకు తెరుస్తున్నారో చూడండి. బెంగళూరులో మా మారతహళ్లి ఆఫీసులో నేను అలా కూర్చుంటే తేలింది మూడే మూడు: చదవని మెయిల్స్ ఎన్ని ఉన్నాయి, ఈరోజు ఇంకా ఏ మీటింగ్స్ మిగిలాయి, ఫలానా మనిషి నంబర్ ఏంటి. పెద్ద మెయిల్ రాయాలంటే అందరూ ఔట్‌లుక్‌కో జీమెయిల్‌కో వెళ్లిపోతున్నారు, ఆ అలవాటు మార్చాల్సిన పనేం లేదు. అందుకే పోర్టల్‌లో ఇంకో మెయిల్‌బాక్స్ కట్టే పని పెట్టుకోకండి. అసలు డేటా మెయిల్ సర్వర్‌లోనే ఉండనివ్వండి, పోర్టల్ దాన్ని అద్దంలా చూపిస్తే చాలు, క్లిక్ చేస్తే అసలు చోటికే వెళ్లాలి.

వెనకాల ఏ సర్వర్ ఉందో కనుక్కోవడం తర్వాతి పని. మైక్రోసాఫ్ట్ 365 అయితే మైక్రోసాఫ్ట్ గ్రాఫ్ అనే ఏపీఐ (ఒక సాఫ్ట్‌వేర్ ఇంకోదాన్ని డేటా అడిగే దారి) ఒక్కటే మూడింటికీ సరిపోతుంది. గూగుల్ వర్క్‌స్పేస్ అయితే జీమెయిల్, క్యాలెండర్, పీపుల్ అని మూడు వేర్వేరు ఏపీఐలు. కాంటాక్ట్స్ ఏపీఐ వాడిన పాత ఉదాహరణలు ఇంకా నెట్‌లో దొరుకుతాయి గానీ, గూగుల్ దాన్ని 2022 జనవరిలోనే మూసేసింది, దాని జోలికి వెళ్లొద్దు. కంపెనీ సొంత సర్వర్ అయితే మెయిల్‌కి ఐమ్యాప్, క్యాలెండర్‌కి కాల్‌డావ్, కాంటాక్ట్స్‌కి కార్డ్‌డావ్ అనే ప్రోటోకాల్స్ (సర్వర్‌తో మాట్లాడే ప్రామాణిక పద్ధతులు).

లాగిన్ విషయంలో మాత్రం నేను గట్టిగా చెప్తాను: మెయిల్ పాస్‌వర్డ్ అడిగే బాక్స్ పోర్టల్‌లో పెట్టనే పెట్టొద్దు. మైక్రోసాఫ్ట్ 365 మెయిల్ సర్వర్ అయిన ఎక్స్‌చేంజ్ ఆన్‌లైన్ 2022 అక్టోబర్ నుంచి బేసిక్ ఆథెంటికేషన్‌ని, అంటే పాస్‌వర్డ్ నేరుగా పంపే పద్ధతిని, తీసేస్తూ వచ్చింది, కాబట్టి పాస్‌వర్డ్ బదులు టోకెన్‌తో అనుమతి తీసుకునే ఓఆత్ 2.0 తప్పదు. ఇక్కడ చాలామంది తొందరపడి అప్లికేషన్ పర్మిషన్ (యూజర్ తరఫున కాకుండా పోర్టల్ పేరు మీదే తీసుకునే అనుమతి) అడిగేస్తారు, ఎందుకంటే యూజర్‌ని ఏమీ అడగక్కర్లేదు, పని సులువు. కానీ మెయిల్ చదవడానికి ఆ పర్మిషన్ తీసుకుంటే, అడ్మిన్ విడిగా కట్టడి పెట్టకపోతే కంపెనీలో ప్రతి ఒక్కరి మెయిల్‌బాక్సూ మీ పోర్టల్‌కి తెరిచి ఉన్నట్టే. మీ సర్వర్‌లోకి ఎవడైనా దూరితే అందరి ఉత్తరాలూ వాడి చేతిలో పెట్టినట్టు. డెలిగేటెడ్ పర్మిషనే తీసుకోండి, అప్పుడు లాగిన్ అయిన మనిషి తరఫునే, వాళ్లకు కనపడేదే పోర్టల్‌కి కనపడుతుంది. రిఫ్రెష్ టోకెన్ (మళ్లీ లాగిన్ అడగకుండా అనుమతిని పొడిగించే తాళం లాంటిది) సర్వర్‌లో ఎన్‌క్రిప్ట్ చేసి దాచండి, బ్రౌజర్ దాకా పంపొద్దు.

డేటా తెచ్చుకోవడంలో పెద్ద కిటుకేం లేదు. నిమిషానికోసారి మొత్తం లాగకుండా, మొదటిసారి మాత్రమే పూర్తిగా తెచ్చుకుని, తర్వాత మారినవి మాత్రమే అడగండి. గ్రాఫ్‌లో దీన్ని డెల్టా అంటారు, గూగుల్ క్యాలెండర్‌లో ఎక్కడిదాకా తెచ్చుకున్నామో గుర్తుపెట్టే సింక్ టోకెన్ వాడతారు. ఆ టోకెన్ పాతబడితే గూగుల్ 410 ఎర్రర్ ఇస్తుంది, అప్పుడు దాచుకున్నది చెరిపేసి మళ్లీ మొదటి నుంచి తెచ్చుకునేలా కోడ్‌లో ముందే రాసిపెట్టండి. కొత్త మెయిల్ రాగానే కబురు అందాలంటే పెట్టే సబ్‌స్క్రిప్షన్లకు గడువు ఉంటుంది. జీమెయిల్‌ది 7 రోజుల్లోపు రెన్యూ చేయాలి, నేనైతే రోజూ చేయించేస్తాను. ఐమ్యాప్‌లో కొత్త మెయిల్ కోసం కనెక్షన్ తెరిచి ఎదురుచూసే ఐడిల్ కమాండ్ వాడితే 29 నిమిషాలు దాటకుండా మళ్లీ పంపుతూ ఉండాలి.

అసలు టెన్షన్ క్యాలెండర్‌తో. మాకు న్యూయార్క్ క్లయింట్‌తో ప్రతి సోమవారం మీటింగ్, అక్కడ పొద్దున 9 గంటలకి. చలికాలంలో మనకి అది సాయంత్రం 7:30, మార్చి రెండో ఆదివారం వాళ్లు గడియారం గంట ముందుకు జరపగానే 6:30 అయిపోతుంది. మొదటి వెర్షన్‌లో మేం ఆ టైమ్‌ని యూటీసీ (ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక టైమ్)లోకి మార్చి 14:00 అని దాచి, ప్రతివారం దాన్నే రిపీట్ చేశాం. ఆ ఆదివారం వెళ్లిన మర్నాడు 6:40కి క్లయింట్ వైపు నుంచి ఫోన్. పోర్టల్‌లో 7:30 అనే ఉంది, మా లీడ్ ఇంటికెళ్లి జాయిన్ అవుదామని బయల్దేరి సిల్క్ బోర్డ్ జంక్షన్ దగ్గర క్యాబ్‌లో ఉన్నారు, ఆ హారన్ల మధ్యే ఫోన్‌లో స్టేటస్ అంతా చెప్పాల్సి వచ్చింది.

కాబట్టి రిపీట్ అయ్యే మీటింగ్‌కి యూటీసీ ఒక్కటే దాచితే కుదరదు. ఆర్గనైజర్ పెట్టిన లోకల్ టైమ్, టైమ్ జోన్ పేరు, రిపీట్ రూల్, మూడూ కలిసే ఉండాలి. ఇంకా మంచిది, లెక్క మీరు వేయకుండా సర్వర్‌నే అడగడం: గ్రాఫ్‌లో క్యాలెండర్‌వ్యూ, గూగుల్‌లో సింగిల్‌ఈవెంట్స్ ఆప్షన్ ఏ రోజుది ఆ రోజుకి విడదీసి ఇస్తాయి, ఒక్క వారానికి మాత్రం జరిపిన మీటింగూ క్యాన్సిల్ చేసినదీ అందులో సరిగ్గానే వస్తాయి. ఇంకొకటి, మైక్రోసాఫ్ట్ మన జోన్‌ని "ఇండియా స్టాండర్డ్ టైమ్" అంటుంది, మిగతావాళ్లు "ఏషియా/కోల్‌కతా" అంటారు. రెండింటినీ కలిపే పట్టిక యూనికోడ్ వాళ్ల సీఎల్‌డీఆర్ అనే డేటా సంకలనంలో ఉంది, చేత్తో రాసుకోవద్దు.

రోజంతా ఉండే ఈవెంట్లకి అసలు టైమ్ జోనే తగిలించకండి. నవంబర్ 1 కన్నడ రాజ్యోత్సవం, ఇక్కడ సెలవు. దాన్ని అర్ధరాత్రి 12 అనుకుని యూటీసీకి మార్చారంటే అక్టోబర్ 31 సాయంత్రం 6:30 అవుతుంది, పోర్టల్‌లో సెలవు ఒకరోజు ముందు కనపడుతుంది. తేదీని తేదీగానే ఉంచండి.

కాంటాక్ట్స్‌లో మన పేర్లతో రెండు చిక్కులు. వీకార్డ్ (కాంటాక్ట్ వివరాలు దాచే ఫైల్ రూపం)లో ఇంటిపేరుకీ పేరుకీ వేరే గడులుంటాయి, మనవాళ్లేమో "కె. వెంకట రమణ" అని ఒకే ముక్కగా నింపుతారు, సాఫ్ట్‌వేర్ చివరి మాటని ఇంటిపేరు అనుకుంటుంది. వెతికేటప్పుడు ఏ ముక్కతో వెతికినా దొరికేలా చేయండి, చూపించేటప్పుడు ఆ మనిషి రాసుకున్న పూర్తి పేరే చూపించండి. రెండోది తెలుగు అక్షరాలది. వీకార్డ్‌లో పొడుగు లైన్లని 75 బైట్ల దగ్గర మడతపెడతారు, యూటీఎఫ్-8లో తెలుగు అక్షరానికి 3 బైట్లు, గుణింతం గుర్తుకి మళ్లీ 3. కొన్ని సాఫ్ట్‌వేర్లు అక్షరం మధ్యలోనే మడత వేసేస్తాయి. అందుకని బైట్ల స్థాయిలోనే మడత విప్పి, ఆ తర్వాతే అక్షరాలుగా చదవండి. వరస తిరగబడితే పేరు మధ్యలో ప్రశ్న గుర్తులు వస్తాయి, తన పేరు అలా కనపడితే ఎవరికైనా మనసు చివుక్కుమంటుంది.

మెయిల్ బాడీ చూపిస్తే మాత్రం, అందులో బయటివాళ్లు రాసిన హెచ్‌టీఎంఎల్ ఉంటుందని గుర్తుంచుకుని శానిటైజ్ చేసి (ప్రమాదకరమైన కోడ్ తీసేసి), శాండ్‌బాక్స్ పెట్టిన ఐఫ్రేమ్‌లోనే, అంటే మిగతా పేజీని ముట్టుకోలేని విడి చట్రంలోనే, చూపించండి, బయటి బొమ్మలు వాటంతటవి లోడ్ కాకూడదు.

అందరికీ ఇచ్చే ముందు ఒక్క ఫ్లోర్‌కి రెండు వారాలు వదలండి. టెస్ట్ డేటాలో అమెరికా గడియారం మారే మార్చి, నవంబర్ నెలల మీటింగ్స్, రోజంతా ఉండే సెలవు, పొడుగు తెలుగు పేరు తప్పకుండా ఉండాలి. చివరగా ఒక టెస్ట్ అకౌంట్‌ని ఉద్యోగం మానేసినట్టు డైరెక్టరీలో డిసేబుల్ చేసి, ముందే తెరిచి ఉన్న పోర్టల్ విండోని రిఫ్రెష్ చేయండి. అప్పుడు కూడా పాత మెయిల్స్ కనపడుతున్నాయంటే మీ క్యాష్ (పోర్టల్ తాత్కాలికంగా దాచుకునే కాపీ) ఇంకా వాటిని పట్టుకునే ఉందన్నమాట, అది సరిచేసే దాకా రిలీజ్ ఆపండి.